తూర్పు: 30 అడుగుల రస్తా

దస్తావేజు షెడ్యూలులో హద్దులు తూర్పుతో మొదలవుతాయి. తర్వాత దక్షిణం, ఆ తర్వాత పడమర, చివరికి ఉత్తరం. ప్రదక్షిణ వరస. డోన్‌లో ఇళ్ల స్థలాల కాగితాలు టైపు చేసి బతుకుతున్నవాణ్ని కాబట్టి ఈ వరస నాకు నోటికి రావడం అటుంచి, వేళ్లకు వచ్చు. నోటికి రావడానికీ వేళ్లకు రావడానికీ తేడా ఉందని ఒక ప్లాటు కాగితం చెడిపోయాక గాని నాకు తెలియలేదు. చెడగొట్టింది ఎవరో కాదు, నేనే.

ముందు నా గర్వం సంగతి చెప్పాలి. మా పనిలో ఇప్పుడు రెండు రకాలవాళ్లున్నారు. ఒక రకం పాత ఫైలు తెరిచి, పేర్లు మార్చి, ప్రింటు తీసేవాళ్లు. వాళ్ల కాగితాల్లో కొన్నవాడి పేరుండాల్సిన చోట ఎక్కడో మధ్యలో పోయిన వారం పార్టీ పేరు తొంగిచూస్తుంటుంది. రెండో రకం, మొదటి అక్షరం నుంచి సాక్షుల సంతకాల గీత దాకా ప్రతిసారీ కొత్తగా కొట్టేవాళ్లు. నేను రెండో రకం. కుర్రవాళ్లు కాపీ పేస్టు చేస్తుంటే నవ్వేవాణ్ని. ‘మీ కాగితంలో మీ మనసు లేదురా’ అనేవాణ్ని. నా కాగితంలో నా మనసు ఉందనే ధీమా అది. లేదని తర్వాత తేలింది.

ఆ ధీమాకు కారణం లేకపోలేదు. స్టేషన్లో ఇంకా మీటరుగేజి రైళ్లు తిరుగుతున్న రోజుల్లో నేను టైపు నేర్చుకున్నాను. ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె, పేజీలకు పేజీలు. కీల వంక చూస్తే చేతి మీద స్కేలు పడేది. ఇంగ్లీషు అయ్యాక తెలుగు మిషను. లోయరు, హయ్యరు రెండూ పాసయ్యాను. ఆ తర్వాత స్టాంపు కాగితాల మీద కొట్టే పని. స్టాంపు కాగితం మీద తప్పు పడితే చెరిపి ఊరుకోవడానికి లేదు, దిద్దుబాటు పక్కన పార్టీ చేత సంతకం పెట్టించాలి. రెండు మూడు దిద్దుబాట్లున్న కాగితాన్ని చూసి పార్టీ మొహం మాడ్చుకునేది. అందుకని వేళ్లు తప్పు పోకుండా నేర్చుకున్నాయి. 1998లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ శాఖలోకి కంప్యూటర్లు వచ్చాక నా మిషను అటకెక్కింది. అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డు వచ్చాయి. మళ్లీ మొదటి నుంచి నేర్చుకుని అక్కడా చేయి తిరిగింది. ‘దానాది వినిమయ విక్రయ’ అని మొదలుపెడితే ‘సర్వహక్కులతో’ దాకా వేళ్లు వాటంతటవే పోయేవి. ఆ సేపట్లో నేను పార్టీతో వానల గురించి మాట్లాడుతుండేవాణ్ని. మాట తెగేది కాదు, టైపు ఆగేది కాదు. చూసేవాళ్లు ముక్కున వేలేసుకునేవాళ్లు. నాకు అదో సంబరం.

ఊరి బయట కర్నూలు వైపు ఒక వెంచర్ వేశారు. ప్లాట్లు రెండు వరసలు, వీపులానించుకుని ఉంటాయి. మొదటి వరస ప్లాట్లకు తూర్పున రోడ్డు, పడమర వెనక వరస ప్లాటు. రెండో వరసకు దీనికి తలకిందులు: తూర్పున ముందు వరస ప్లాటు, పడమర రోడ్డు. మనవాళ్ల వాస్తు పట్టింపు తెలిసిందే కదా, తూర్పు ముఖం ప్లాట్లే ముందు అమ్ముడుపోయాయి. ఆ వరసంతా కాగితాలు నేనే కొట్టాను. నెలల తరబడి అవే మాటలు: తూర్పు: 30 అడుగుల రస్తా. పడమర: ఫలానా నంబరు ప్లాటు.

వెనక వరసలో మొదట కొన్నది బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. బేతంచెర్ల బండలు కోసి, నునుపు చేసే పని. దుమ్ము పట్టిన చొక్కాతోనే వచ్చాడు. పడమర ముఖం కాబట్టి ధర కాస్త తగ్గించి ఇచ్చారట, అది చెప్పుకుని మురిసిపోయాడు. నేను వింటూనే కొడుతున్నాను. పడమర ముఖం అని అతను అంటున్నాడు, నేను ఊఁ అంటున్నాను, నా వేళ్లు మటుకు ‘తూర్పు: 30 అడుగుల రస్తా’ అని కొట్టాయి. పడమర దగ్గర ముందు వరస ప్లాటు నంబరు పడింది. కొలతలు సరే, సర్వే నంబరు సరే, పేర్లు సరే. ప్లాటు మాత్రం వెనక్కి తిరిగి కూర్చుంది.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇల్లు కట్టుకోవడానికి లోను కోసం పోయినప్పుడు, బ్యాంకు తరఫున కాగితాలు చూసే వకీలు పట్టుకున్నాడు. ప్లానులో రోడ్డు ఒక పక్క, దస్తావేజులో ఇంకో పక్క. ఆ మనిషి కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

‘ఏంది సార్ ఇది? నా ప్లాటుకు రోడ్డు పడమర పక్క కదా ఉండేది. తూర్పు పక్క రాస్తివే!’

నేను వెంటనే తప్పు ఒప్పుకున్నానా? లేదు. ‘ఆ పొద్దు చదివి వినిపిస్తి కదప్పా, నువ్వు సరే అంటివి కదా’ అన్నాను.

‘నువ్వు సదువుతాంటే దండకం సదివినట్టుండె సార్. నేనేడ పట్టుకుందు!’

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దస్తావేజును చదివి వినిపించడం మా పనిలో ఒక ఆచారం. రాయించినవాడు విని, అర్థం చేసుకుని, ఒప్పుకుని సంతకం పెట్టాడని దాని భావం. నేను చదివిందీ వేళ్లు కొట్టినట్టే చదివాను. కళ్లు కాగితం మీదున్నాయి, నాలుక తనకొచ్చిన పాటలో పోయింది. అతనికి అర్థం కావాలని నేను చదవలేదు. చదవాలి కాబట్టి చదివాను.

సవరణ దస్తావేజు రాయాలంటే అమ్మినవాళ్లూ కొన్నవాళ్లూ ఇద్దరూ మళ్లీ వచ్చి సంతకాలు పెట్టాలి. అమ్మినాయన అప్పటికి బెంగళూరులో కొడుకు దగ్గరికి చేరాడు. ఫోన్లు, బతిమాలడాలు, ఆయన రానూపోనూ ఖర్చు, కాగితాల ఖర్చు, అన్నీ నేనే పెట్టుకున్నాను. డబ్బు పోయినందుకు కాదు గాని, ఆ పాలిష్ పని మనిషి పునాది అన్నాళ్లు ఆగిపోయింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ముల్లులా ఉంటుంది.

తప్పు ఎక్కడ జరిగిందో తెలుసుకోవడంలోనూ తప్పు చేశాను. చూపు తగ్గిందనుకుని కళ్లద్దాలు మార్పించుకున్నాను. కొత్త అద్దాల్లో అక్షరాలు ఇంకా పెద్దగా, ఇంకా నల్లగా కనబడ్డాయి. 2022 ఏప్రిల్ 4న మన 13 జిల్లాలు 26 అయినప్పుడు డోన్ కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. ఆ కొత్త అద్దాలతోనే, కళ్లింత చేసుకుని చూస్తూనే, ‘కర్నూలు జిల్లా, డోన్’ అని కొట్టాను. ఒకసారి కాదు. నంద్యాల అని మనసులో అనుకుంటూ కర్నూలు అని కొట్టిన రోజులున్నాయి. అవి మాత్రం కాగితం దాటలేదు. జిల్లా మారిందని అందరికీ తెలుసు, అందరూ దాని కోసమే వెతికేవాళ్లు. 2010లో కడప జిల్లాకు వైఎస్ఆర్ పేరు పెట్టినప్పుడు కూడా అక్కడివాళ్ల కాగితాల్లో చాన్నాళ్లు ఉత్త ‘కడప జిల్లా’యే పడేది. ఊరంతా ఎరిగిన మార్పును ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఒకే ఒక ప్లాటుకు రోడ్డు అటు మారిందంటే పట్టుకునేవాడు ఎవడు? కొట్టేవాడే పట్టుకోవాలి. కొట్టేవాడు అక్కడ లేడు.

లేడు అనడం మాటవరసకు కాదు. అమెరికాలో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ లోగన్, మాథ్యూ క్రంప్ 2010లో ‘సైన్స్’ పత్రికలో అచ్చువేసిన ప్రయోగం గురించి చదివినప్పుడు నా కథే రాసినట్టనిపించింది. వాళ్లు చేయి తిరిగిన టైపిస్టులను కూర్చోబెట్టి మాటలు కొట్టించారు. తెర మీద చిన్న మోసం చేశారు. టైపిస్టు సరిగ్గా కొట్టినా కొన్నిసార్లు తెర మీద తప్పు చూపించారు. తప్పు కొట్టినప్పుడు కొన్నిసార్లు గుట్టుగా దిద్ది ఒప్పు చూపించారు. మనుషులు తెరను నమ్మారు. చేయని తప్పును తమదే అన్నారు, దిద్దిపెట్టిన ఒప్పును తమ ఘనతే అన్నారు. వేళ్లు మాత్రం మోసపోలేదు. నిజంగా తప్పు కీ నొక్కిన తర్వాతే వేళ్ల వేగం రవంత తగ్గింది. తెర మీద ఏముందన్నది వాటికి పట్టలేదు.

అది చదివి మొదట వేళ్ల మీద గౌరవం పెరిగింది. నాకూ అనుభవమే: ఒత్తు బదులు దీర్ఘం పడితే తెర చూడకముందే చేయి తడబడుతుంది. తర్వాత ఆలోచించాను. ఆ పాలిష్ పని మనిషి కాగితం కొట్టేటప్పుడు నా చేయి ఎందుకు తడబడలేదు? తడబడే పని లేదు కనక. ‘తూర్పు’లో త సరిగ్గా పడింది, రేఫ సరిగ్గా పడింది, ‘రస్తా’లో స కింద త ఒత్తు అందంగా కూర్చుంది. వేళ్ల లెక్కలో తప్పే లేదు. కీలు పడాల్సిన చోట పడ్డాయా లేదా, అదొక్కటే వాటి కాపలా. రోడ్డు ఏ పక్క ఉందో చూడ్డం వాటి పని కాదు, నా పని. నేనేమో వానల గురించి మాట్లాడుతున్నాను.

వేళ్లకు తెలిసింది నాకు తెలియదని ఇంకో రోజు ఇంకో రకంగా రుజువైంది. కీబోర్డు నిండా దుమ్ము పేరుకుంటే, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు కీలన్నీ ఊడబీకి సబ్బునీళ్లలో వేశాడు. ఆరాక నా ముందు పోసి, ‘అన్నా, నువ్వు చెప్పు, నేను పెడతా’ అన్నాడు. పై వరస క్యూ డబ్ల్యూ ఈ ఆర్ టీ వై గడగడా చెప్పాను. నడి వరస టైపు స్కూలు పుణ్యాన వచ్చింది. కింది వరస దగ్గర నోరు పడిపోయింది. ఎక్స్ పక్కన సీనా, వీనా? బీ ఏ చేతి వైపు? రోజూ కొట్టే అక్షరాలు. ఖాళీ బల్ల మీద వేళ్లు పెట్టి ‘నంబర్’ అని గాలిలో కొట్టి, ఏ వేలు కదిలిందో చూసుకుని చెప్పాల్సి వచ్చింది. నేను మూడు అక్షరాలు పెట్టించేలోగా కుర్రాడు ఫోన్‌లో బొమ్మ చూసి మిగతావన్నీ పెట్టేశాడు. వాండర్‌బిల్ట్‌లోనే 2014లో క్రిస్టీ స్నైడర్ బృందం ఇదే పరీక్ష పెట్టింది. నిమిషానికి సగటున 72 మాటలు కొట్టేవాళ్లు కూడా ఖాళీ కీబోర్డు బొమ్మ మీద 26 అక్షరాల్లో సగటున 15 మాత్రమే సరైన చోట రాయగలిగారు. నాకు కాస్త ఊరట.

ఆ కుర్రాడికి తెలుగు టైపు నేర్పడంలోనూ ఇదే గొడవ. ‘అన్నా, ళ యాడుంది?’ అంటాడు. నాకు తెలియదు. ‘కళ్లం’ అని కొట్టి, వెనక్కి పోయి చూసి చెప్పాలి. అలా చూసి చెప్పిన తర్వాత ఓ గంట నా టైపు నట్టుతుంది. చేతిని ప్రశ్న అడిగితే అది బిక్కచచ్చిపోతుంది. మా ఇంట్లో జొన్న రొట్టెల దగ్గర ఈ వింత చూశాను. కోస్తా నుంచి వచ్చిన మా కోడలు రొట్టె తట్టడం నేర్చుకోవాలని మా అమ్మ పక్కన కూర్చుంది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే జిగురుండదు. మసిలే నీళ్లు పోసి కలిపితే గాని ముద్ద నిలవదు, అప్పుడైనా అంచు పగిలిపోతుంటుంది. అమ్మ కుడిచేత్తో తడుతూ ఎడమచేతి వేళ్లతో అంచును అదుముతూ రొట్టెను తిప్పుతుంటుంది. ఆ తిప్పడం ఎప్పుడు, అదమడం ఎప్పుడు? ‘నిదానంగా చేసి చూపించండి’ అంది కోడలు. అమ్మ నిదానంగా చేసింది. అంచు ఫట్‌మని చీలింది. మళ్లీ చేసింది, మళ్లీ చీలింది. ‘నువ్వు అడగాకు తల్లీ, ఊరకే సూడు’ అని కసురుకుని ఎప్పటి దూకుడులో తట్టింది. రొట్టె పున్నమి చంద్రుడు. కోడలు చివరికి నేర్చుకుంది, అడిగి కాదు, రొట్టెలు పగలగొట్టి పగలగొట్టి.

కండరాలకు జ్ఞాపకం ఉంటుందని అంటాం గాని, ఉండేది మెదడులోనే, మాట చేరని అరల్లో. ఈ సంగతిని అందరికంటే గట్టిగా రుజువు చేసినవాడు హెన్రీ మోలైసన్ అనే అమెరికన్. మూర్ఛ తగ్గడానికి 1953లో మెదడుకు ఆపరేషన్ చేశాక ఆయనకు కొత్త జ్ఞాపకాలు నిలవడం ఆగిపోయింది. ఇప్పుడే పలకరించినవాళ్లు గది దాటి వస్తే కొత్తవాళ్లే. బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. అద్దంలో చేయి తిరగబడి కనిపిస్తుంది కనక మొదట్లో ఎవరికైనా గీత వంకర్లు పోతుంది. మూడు రోజుల్లో మోలైసన్ గీత చక్కబడింది. ఈ పని తానెప్పుడూ చేయలేదనే ఆయన అనుకున్నాడు. చేతికి గుర్తుంది, మనిషికి లేదు. ఆయన సంగతి తెలిశాక నేను నా గురించి కొంచెం మెత్తబడ్డాను.

మార్చుకోవడానికి ఒక ప్రయత్నం చేశాను, అది బెడిసికొట్టింది. వేళ్ల పాత దారి చెరిపేస్తే పాత తప్పూ పోతుందని ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుకు మారాను. భారతీయ లిపుల్లో చాలావాటికి ఒకే అమరిక అది, 1991లో జాతీయ ప్రమాణంగా ఖాయం చేశారు. గుణింతాలు ఎడమచేతి కింద, హల్లులు కుడిచేతి కింద. ఒత్తుకు వేరే కీ లేదు, మధ్యలో పొల్లు నొక్కితే ఒత్తు దానంతటదే పడుతుంది. బుర్రకు ఎంతో సబబుగా తోచింది. చేతికి తోచలేదు. కొన్ని వారాలు కొత్తదీ రాక, పాతదీ చెడి, రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. పార్టీలు వేరే దుకాణాలకు పోయారు. మళ్లీ యాపిల్ కీబోర్డుకే వచ్చాను. ఆ అమరిక మారితే మాత్రం ఒరిగేదేముంది? నాలుగు నెలలు గడిస్తే కొత్త కీల మీద కూడా ‘తూర్పు: 30 అడుగుల రస్తా’ పడుతుంది.

దారి చూపించింది మా వీధిలో ఉండే రిటైరయిన లోకో పైలట్. డోన్ జంక్షన్ ఊరు కదా, వీధికొక రైల్వే మనిషి ఉంటాడు. సికింద్రాబాద్ దారీ, గుంతకల్లు, నంద్యాల దారులూ ఇక్కడే కలుస్తాయి. నా కథంతా విని, ‘మాకు ఈ జబ్బుందని రైల్వేకు ముందే తెలుసు’ అన్నాడాయన. ఇంజన్‌లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే ఒకరు చేయెత్తి చూపించి అది ఏ రంగో పైకి చెప్పాలి, రెండోవారు చూసి తిరిగి చెప్పాలి. తెలిసిన దారే, రోజూ పచ్చగా ఉండే సిగ్నలే. అందుకే చెప్పాలి. రోజూ పచ్చగా ఉండేది ఎర్రగా ఉన్న రోజున కళ్లు పచ్చనే చూస్తాయి, నోరు విప్పితే గాని బుర్ర మేలుకోదు. జపాన్ రైల్వేలో ఇంకా గట్టి పద్ధతి, వేలు చాచి చూపించి గట్టిగా పలుకుతారు. 1994లో అక్కడి రైల్వే పరిశోధన సంస్థ చేసిన పరీక్షలో ఇలా చూపిస్తూ చెబితే తప్పులు దాదాపు 85 శాతం తగ్గాయి.

ఆ మర్నాటి నుంచి నా దుకాణంలో పద్ధతి మారింది. హద్దులు నేను కొట్టను, పార్టీ చూపించాలి. లేచి నిలబడమంటాను. ‘నీ ప్లాటులో నిలబడినావనుకో. పొద్దు పొడిచేది ఎటు? ఆ పక్క ఎవరుండారు?’ అని అడుగుతాను. మన సీమ మనుషులకు దిక్కులు చేతి గీతలంత తెలుసు, ఇంట్లో గ్లాసు జరపమన్నా తూర్పు పక్కకు జరపమంటారు. కుడి ఎడమలతో పనిలేదు. చేయి చాచి చెబుతారు. నేనూ అటు చేయి చాచి తిరిగి చెబుతాను. కుర్రాడు ప్లాను కాగితంలో చూసి మూడోసారి చెబుతాడు. అప్పుడు కొడతాను. బయటివాళ్లకు తమాషా. ఒకసారి ముగ్గురం మూడు చేతులు పడమరకు చాచి నిలబడితే, టీ తెచ్చినతను కూడా అటు తిరిగి చూశాడు.

ఇంకో పని కూడా చేశాను. తూర్పుతో మొదలుపెట్టడం మానేసి ఉత్తరంతో మొదలుపెట్టాను. కొట్టడం అయ్యాక వరస సర్దుకోవచ్చు, కంప్యూటరే కదా. వరస తప్పేసరికి వేళ్లు తెల్లబోయి ఆగాయి. ఆ ఆగిన సందులో నేను దూరి ప్లాను చూసుకునేవాణ్ని. చాలా కాలం బాగా నడిచింది.

ఈ మధ్య ఒక రోజు ఆ లోకో పైలట్ వచ్చి నా తంతు చూసి, ‘ఇంజన్‌లో ఒక మీట ఉంటుంది’ అన్నాడు. డ్రైవరు నిమిషం పాటు ఏ పనీ చేయకపోతే లైటు వెలుగుతుంది. అప్పుడూ కదలకపోతే బజరు మోగుతుంది. అప్పుడూ లేకుంటే బ్రేకులు పడిపోతాయి. నిద్రపోకుండా కాపలా. ‘కొన్నేళ్లకు ఏమవుతుందో తెలుసా? కునుకు పట్టినా చేయి పోయి మీట నొక్కి వస్తుంది’ అని నవ్వి, ‘ఇందాక నువ్వు చేయి పడమరకు చాచి, కళ్లు టీ గ్లాసు మీద పెట్టినావు’ అన్నాడు.

నిజమే. ఉత్తరం వరస కూడా వేళ్లకు పాతబడిపోయింది. అందుకని మొన్నటి నుంచి దక్షిణంతో మొదలుపెడుతున్నాను. మొదటి పార్టీయే అడ్డం తిరిగాడు. తెర వంక చూసి, ‘కొత్త ఇంటి కాగితం, యముడి దిక్కుతో మొదలుపెడ్తావేంది సార్’ అన్నాడు. ప్రింటులో తూర్పే ముందుంటుందని ఎంత చెప్పినా వినలేదు. బేరమాడి పడమర దగ్గర కుదిరాం.